పదకొండు గంటలని రాశాను

మేం ఆ లోయలోకి దిగింది చైనా యుద్ధం అయిపోయాక వచ్చిన రెండో ఎండాకాలంలో. జూలై నెల. ఉదయం తొమ్మిదిన్నర. కనుమ మీద నుంచి మూడు గంటలు దిగితే మా క్యాంపు వచ్చింది. పదమూడు వేల అడుగుల ఎత్తు అన్నారు. బండి దిగి పది అడుగులు వేసేసరికి గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. కూర్చోమన్నారు. మూడు రోజులు బరువు ఎత్తొద్దు, పరుగెత్తొద్దు, గట్టిగా మాట్లాడొద్దు. అక్కడ నాకు అందిన మొదటి ఆర్డరు అదే.

లోయ పేరు చెప్పను. అప్పట్లో చెప్పొద్దన్నారు, ఆ తర్వాత చెప్పవచ్చని ఎవరూ అనలేదు. రెండు పక్కలా కొండలు. ఒకటి ఇటుక రంగు, ఒకటి బూడిద రంగు. మధ్యలో నది. చెట్టు లేదు. నీడ కావాలంటే బండి పక్కన కూర్చోవాలి. నీడలో చేతులు కొంకర్లు పోయేవి, ఎండలో మెడ కాలేది. రెండింటికీ మధ్య దూరం ఒక అడుగు.

మాది మందమర్రి. మా బాపు బొగ్గు బావిలో దిగేవాడు. నేను దిగలేదు. బోథ్ అడవుల నుంచి బావులకు కలప తోలే లారీ నడిపాను. బావి కప్పు కూలకుండా కింద నిలబెట్టే దుంగలవి. ఆ దారిలో వాగులు చాలా ఉండేవి. వానాకాలంలో వాగు ఒడ్డున లారీ ఆపి, లోపలికి నడిచి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, అప్పుడు దించేవాళ్లం. అందుకే సైన్యంలో చేరినప్పుడు నన్ను రవాణా కంపెనీలో వేశారు. నిజాం కాలపు ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి సైన్యంలో మాట్లాడే హిందుస్తానీ తొందరగా పట్టుబడింది. రాయడం వచ్చినవాడినని నోటుబుక్కు కూడా నా చేతికే ఇచ్చారు.

మా కంపెనీలో మా జిల్లావాడు ఇంకొకడు ఉన్నాడు. భైంసా అతనిది. సైన్యంలో ఊరి పేరే మనిషి పేరు అవుతుంది. అందరూ అతన్ని భైంసా అనే పిలిచేవారు. ఊళ్లో పత్తి లారీలు నడిపాడు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మరాఠీలోకి జారిపోయేవాడు. నన్ను భావూ అనేవాడు, మరాఠీలో అన్న అన్నట్టు. నాకంటే మూడేళ్లు చిన్న. పెళ్లయి ఏడాది.

మొదటి రోజు కొండలను చూసి అతను అన్న మాట నాకు గుర్తుంది.

"భావూ, గీడ చెట్టు లేదు, పిట్ట లేదు. దేవుడు సగం పని చేసి పోయినట్టున్నడు."

"మిగిలిన సగం మనతోని చేయిస్తరు, ఆగు," అన్నాను.

నాలుగో రోజు కెప్టెన్ సాబ్ పిలిచాడు. టెంటులో బల్ల మీద పటం పరిచి ఉంది. లోయ చివర, తొంభై మైళ్ల అవతల, మన పోస్టు ఒకటి ఉంది. అక్టోబరులో మంచు పడిందంటే దానికి దారి మూసుకుపోతుంది. మళ్లీ మే నెలే. ఈలోపు శీతాకాలానికి కావలసిన కిరసనాయిలు, పిండి, పప్పు, మందులు అక్కడికి చేరాలి. అంతకుముందు అన్నీ గుర్రాల మీద పోయేవి. ఆ ఏడే కొత్తగా మట్టి బాట వేశారు. దాని మీద బరువు బండి ఇంకా ఒక్కటి కూడా నడవలేదు.

"పద్నాలుగు బండ్లు వెళ్లాలి. నాలుగు రోజుల్లో చేరాలి. ముందు మీరు వెళ్లి దారి చూసి రండి," అన్నాడు కెప్టెన్ సాబ్. "ఎక్కడ ఆగాలి, ఎక్కడ బండి తిరుగుతుంది, ఎక్కడ చక్రాలకు చెయిన్లు కట్టాలి, ఏ వాగు ఏ గంటలోపు దాటాలి. అన్నీ రాసుకురండి. మీరు రాసిన కాగితం ప్రకారమే కాన్వాయ్ కదులుతుంది."

మేం నలుగురం. పార్టీకి పెద్ద గఢ్వాల్ హవల్దార్. ముప్పై ఎనిమిదేళ్లవాడు, తక్కువ మాట్లాడేవాడు. మద్రాసు వైపు నుంచి వచ్చిన వైర్‌లెస్ ఆపరేటరు. చిన్న ట్రక్కు నడపడానికి భైంసా. రాయడానికి నేను. రెండు టెంట్లు, నాలుగు పరుపు చుట్టలు, ఆరు జెర్రీకాన్ల పెట్రోలు, రెండు వందల అడుగుల తాడు, పారలు, వారం రోజుల రేషను. ఇవి మా సామాను.

దారి మొదటి రెండు రోజులు మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ప్రతి మైలుకూ నోటుబుక్కులో ఒక గీత. మలుపు గట్టిదైతే గుండ్రం. జారుడు నేలైతే మూడు చుక్కలు. దారి మొత్తంలో ఏడు వాగులు. మొదటి నాలుగూ చిన్నవి. బండి దిగకుండానే దాటాం.

ఐదోది అలా కాదు. పెద్ద కొండ చీలికలోంచి దూకి వచ్చి, రాళ్ల మీద నూట ఇరవై అడుగుల వెడల్పున పరుచుకుని పారుతోంది. బియ్యం కడిగిన నీళ్ల రంగు. కింది పక్క వాగు ఒక్కసారిగా ఇరుకై నదిలోకి పడుతుంది. దాటడానికి పనికొచ్చే చోటు ఒక్కటే. పన్నెండు అడుగుల వెడల్పు. దానికి ఎడమ పక్క గుంట.

హవల్దార్ టెంటు వేయమన్నాడు. "దీన్ని కొలవకుండా కదలొద్దు."

ఒక కర్ర మీద అంగుళాలు చెక్కాను. నడుముకు తాడు కట్టుకున్నాను. రెండో కొస భైంసా పట్టుకున్నాడు. ఉదయం ఆరింటికి దిగాను. ఆ చల్లదనం నొప్పిలా ఉంటుంది. ముందు మడమలు పోతాయి, తర్వాత మోకాళ్లు. నీళ్లు ఒక అడుగు. పదింటికి అడుగున్నర. పన్నెండింటికి రెండడుగులకు రెండంగుళాలు తక్కువ. రెండింటికి రెండున్నర. మా పెద్ద బండ్లు రెండున్నర అడుగుల దాకా తట్టుకుంటాయి. మర్నాడు మళ్లీ కొలిచాను. దాదాపు అవే అంకెలు. పన్నెండు దాకా భయం లేదని లెక్క కట్టాను.

ఆ రెండు రోజులూ మబ్బు పట్టి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మా దగ్గర వాగు వాన వల్ల పొంగుతుంది. మబ్బు పడితే భయం, ఎండ కాస్తే ధైర్యం. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన వాగు అదే. అక్కడ వాన పడదు. పైన మంచు ఉంటుంది. ఎండ ఎంత కాస్తే వాగు అంత పొంగుతుంది. ఈ సంగతి నాకు తెలియదని కాదు. శిక్షణలో చెప్పారు. కానీ చెప్పింది తలలో ఉంటుంది, పుట్టినప్పటి నుంచి చూసింది ఒంట్లో ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి ఒక ముసలాయన జడల బర్రెలను తోలుకుంటూ వచ్చాడు. ముఖమంతా ముడతలు, కళ్లు మాత్రం పసివాడివి. ఆయనకు ఉర్దూ ముక్కలు కొన్ని వచ్చు. నేను టీ ఇచ్చి, నా గడియారం చూపించి, వాగు చూపించి, బండ్లు ఎప్పటిదాకా దాటవచ్చని అడిగాను.

ఆయన నా గడియారం అద్దం మీద వేలు పెట్టాడు. పది.

నేను నోటుబుక్కు తెరిచి పన్నెండు అంకె చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆకాశంలో మబ్బును చూపించి చేత్తో పక్కకు తోసినట్టు చేశాడు. తర్వాత తన ఛాతీ మీద చెయ్యి అడ్డంగా పెట్టుకుని, అంతదాకా వస్తుందన్నట్టు చూపించాడు. చివరికి రెండు పిడికిళ్లు ఒకదానికొకటి కొట్టాడు. టక్, టక్, టక్. అది నాకు అర్థం కాలేదు.

"పెద్దమనిషి పది అంటుండు కదా భావూ," అన్నాడు భైంసా.

"మనం రెండు రోజులు కొలిచినం. మన లెక్క మనకున్నది."

"ఇంకొక్క రోజు ఆగుదమా? ఎండ కాసినంక చూద్దం."

నాకూ ఆగాలనే ఉంది. హవల్దార్‌ని అడిగాను. ఆయన ఆపరేటరుతో క్యాంపుకు అడిగించాడు. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "గురువారంలోపు తిరిగి రండి. శనివారం కాన్వాయ్ కదులుతుంది. ఓవర్."

ఆ సాయంత్రం ట్రక్కు బానెట్ మీద నోటుబుక్కు పెట్టి దారి కాగితం రాశాను. వాగు నంబరు ఐదు. దాటడానికి ఆఖరి గంట. పెన్సిలు అక్కడ ఆగింది. పది అని రాస్తే, దారిలో బండి దిగబడితే పట్టే సమయం కూడా కలుపుకుని, మూడో రాత్రి ఆగే క్యాంపు నుంచి బండ్లు తెల్లవారకముందే కదలాలి. ఆ మలుపుల్లో చీకటి ప్రయాణం కుదరదు. అంటే క్యాంపు మార్చాలి, ఒక రోజు పెరుగుతుంది, కెప్టెన్ సాబ్ నాలుగు రోజులన్నాడు. ముసలాయన పది అన్నాడు. నా కర్ర పన్నెండు అంది.

నేను పదకొండు అని రాశాను.

ఎవరి మాటా తీసెయ్యలేదని ఆ క్షణంలో నాకు తృప్తిగా ఉంది. ఒక గంట జాగ్రత్త కలిపాననుకున్నాను. భైంసా నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"పదకొండా?"

"పదకొండు."

"నువ్వు రాసినవంటే సరే," అని టైర్లలో గాలి చూడడానికి వెళ్లిపోయాడు.

శనివారం ఉదయం ఆరింటికి పద్నాలుగు బండ్లు కదిలాయి. నా కాగితం నకళ్లు ప్రతి డ్రైవరు దగ్గరా ఉన్నాయి. భైంసాకు పదమూడో బండి ఇచ్చారు. కిరసనాయిలు పీపాలు. అక్కడ బండికి ఒక్కడే డ్రైవరు, పక్కన మనిషి ఉండడు. మొదటి మూడు రోజులు కాగితం ప్రకారమే జరిగాయి. గుండ్రాలున్న చోట మలుపులు వచ్చాయి, చుక్కలున్న చోట నేల జారింది. హవల్దార్ నా వీపు తట్టాడు. ఆయన అలా చేయడం అదే మొదలు.

నాలుగో రోజు మబ్బు లేదు. లోయలోకి వచ్చాక అంత నీలం ఆకాశం చూడలేదు. ఐదున్నరకు బయలుదేరాం. తొమ్మిదికి ఐదో వాగు దగ్గర ఉండాలి. ఏడింటికి ఆరో బండి వెనక చక్రం దిగబడింది. తవ్వి, రాళ్లు వేసి, తాడుతో లాగేసరికి గంటా పది నిమిషాలు పోయాయి.

వాగు చేరింది పది దాటి ఐదు నిమిషాలకు.

కెప్టెన్ సాబ్ జీపు మొదట దాటింది. ఆరో వాగు చూసుకోవడానికి ఆయన ముందుకు వెళ్లిపోయాడు. హవల్దార్ ఒక వైర్‌లెస్ సెట్టుతో అవతలి ఒడ్డున నిలబడ్డాడు. ఇవతలి ఒడ్డున బండ మీద నేను. చేతిలో ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా. నా పక్కన ఆపరేటరు. ఆకుపచ్చ లేపితే బండి దిగాలి. ఎర్రది లేపితే ఆగాలి. అది నా పని.

మొదటి బండి పది గంటల పది నిమిషాలకు దిగింది. ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు. ఎనిమిదో బండి దాటేసరికి నీళ్ల రంగు మారింది. బియ్యం కడిగిన నీళ్లు కాదు, ఇప్పుడు మట్టి నీళ్లు. పదకొండో బండికి బంపరు మునిగింది. పన్నెండో బండి మధ్యలో ఒకసారి ఆగబోయి, మళ్లీ అందుకుని, అవతలికి ఎక్కింది.

సెట్టులో హవల్దార్ గొంతు వచ్చింది. ఆపరేటరు నా చెవి దగ్గర పెట్టాడు.

"ఇంకా ఎన్ని?"

"రెండు, సాబ్."

"కాగితం ఎంత అంటోంది?"

"పదకొండు."

"ఇప్పుడెంత?"

"పది యాభై ఆరు."

సెట్టు గరగరలాడింది. తర్వాత ఆయన అన్నాడు. "నీళ్లు నీ దగ్గర ఎట్లా ఉన్నాయో నువ్వు చూస్తున్నావు. నువ్వే చెప్పు. ఓవర్."

అప్పుడు విన్నాను. వాగు అడుగున చప్పుడు. టక్, టక్, టక్. నీళ్ల కింద రాళ్లు కదిలి ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ముసలాయన పిడికిళ్లు ఎందుకు కొట్టాడో అప్పుడు అర్థమైంది. విన్నాను, అర్థమైంది, గడియారం చూశాను. ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి. రెండు బండ్లు ఆపితే రాత్రంతా ఇవతల ఉండిపోతాయి, నా కాగితం తప్పవుతుంది.

ఆకుపచ్చ లేపాను.

పదమూడో బండి దిగింది. మధ్య దాకా బాగానే వెళ్లింది. అక్కడ ఇంజన్ ఆగింది. రెండుసార్లు స్టార్టరు గరగరలాడింది, మూడోసారి శబ్దం లేదు. నీళ్లు తలుపు సగం దాకా వచ్చాయి. ముందు చక్రం కింద రాయి జారింది. బండి మెల్లగా, చాలా మెల్లగా, ఎడమ పక్కకు ఒరిగింది. గుంట వైపు.

తాడు కట్టుకుని దూకాను. ఆపరేటరు, పద్నాలుగో బండి డ్రైవరు తాడు పట్టుకున్నారు. ఇరవై అడుగులు కూడా వెళ్లలేకపోయాను. కాళ్లు లేచిపోయాయి. రాళ్లు మోకాళ్లకు తగిలాయి. వాళ్లు లాగేశారు. మళ్లీ దూకాను. మళ్లీ లాగేశారు. మూడోసారి ఆపరేటరు నా మీద పడి నన్ను నేలకు అదిమి పట్టుకున్నాడు. తల ఎత్తి చూసేసరికి బండి పక్కకు పడి ఉంది. పీపాలు ఒక్కొక్కటే ఇరుకు వైపు కొట్టుకుపోతున్నాయి. పదకొండు గంటల రెండు నిమిషాలు.

మర్నాడు ఉదయం ఆరింటికి వాగు మోకాలి లోతుంది. నడిచి వెళ్లాం. బండి పక్కకు పడుకుని ఉంది. తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. నదిలో పదకొండు మైళ్ల కిందిదాకా వెతికాం. నాలుగు రోజులు వెతికాం. అతను దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

పదిహేను రోజులకు విచారణ జరిగింది. టెంటులో ముగ్గురు ఆఫీసర్లు. కాగితం బల్ల మీద పెట్టారు. ఆఖరి గంట పదకొండు. బండి దిగింది పది యాభై ఆరు. ఆర్డరు ప్రకారమే జరిగింది, తప్పు ఎవరిదీ కాదని రాశారు. రాళ్ల చప్పుడు విన్నావా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

బయటికి వచ్చాక కెప్టెన్ సాబ్ కాగితం నా చేతికిచ్చి, "సరిచెయ్యి," అన్నాడు. పదకొండు కొట్టేసి తొమ్మిది అని రాశాను. మధ్యలో క్యాంపు ఒకటి పెంచారు. నాలుగు రోజులు ఐదయ్యాయి. దానికి ఎవరూ ఏమీ అనలేదు. నేను అక్కడున్న ఇంకో ఏడాదిలో ఆ కాగితం మీద ఎన్నో కాన్వాయ్‌లు వెళ్లాయి. ఐదో వాగులో మళ్లీ ఒక్క బండీ పోలేదు.

సెలవు దొరికాక మందమర్రికి రాకముందే అతని ఊరు భైంసా వెళ్లాను. అతని ట్రంకు పెట్టె అంతకుముందే పోస్టులో చేరింది. తండ్రి జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. మీసాల్లో, కనుబొమల్లో పత్తి పింజలు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు. కోడలు గడప లోపల నిలబడింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. నీళ్లిచ్చారు.

"బండి మంచిగనే నడుపుతుండెనా మావోడు?" అని అడిగాడు తండ్రి.

"మా అందరికన్న మంచిగ నడుపుతుండె కాకా."

"మరెట్లయింది? కాగితంల ఏం రాయలే. నీళ్లల్ల పోయిండని రాసిన్రు, గంతే."

చెప్పాను. మబ్బు రోజులు, కర్ర, ముసలాయన, పది, పన్నెండు. "పదకొండని రాసింది నేనే కాకా. జెండ లేపింది నేనే. రాళ్ల సప్పుడు ఇనొచ్చింది. ఇన్నంక గూడ లేపిన." ఈ చివరి మాట ఆఫీసర్లకు చెప్పనిది. ఆయనకే మొదట చెప్పాను.

ఆయన నన్ను తిట్టలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"ఇప్పుడెంత రాసిన్రు గా కాగితంల?"

"తొమ్మిది."

"మొదలే గట్ల రాస్తే అయిపోతుండె," అన్నాడు. గొంతు పెంచలేదు. పత్తి ధర గురించి మాట్లాడినంత మెల్లగా అన్నాడు.

లోపలి నుంచి కోడలు అడిగింది. "అన్నా, గాడ నీళ్లు శాన సల్లగుంటయా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. "ఉంటయ్ చెల్లె."

ఆమె పొయ్యి వైపు వెళ్లింది. కొంతసేపటికి రొట్టెలు కొట్టే చప్పుడు వినిపించింది. తండ్రి లేచాడు. "జర తిని పో. ఎండల వచ్చినవ్," అన్నాడు. జొన్న రొట్టె, పుంటికూర. ఆయన నా పక్కనే కూర్చుని తిన్నాడు. మిల్లు సైరను మోగితే చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. మళ్లీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. రెండేళ్లకొకసారి వెళ్లి వస్తూనే ఉన్నాను. ఆ సంగతి మళ్లీ మా మధ్య రాలేదు.

ఇప్పుడు మందమర్రిలో బస్సు నడుపుతున్నాను. షిఫ్టు దిగిన కార్మికులను కాలనీలకు చేరుస్తాను. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు అడుగుతుంటారు, మంచు కొండలు ఎట్లుంటయి, చలి ఎట్లుంటది, శత్రువును చూసినవా అని. చలి గురించి చెప్తాను. పప్పు ఉడకదని చెప్తాను. శత్రువును చూడలేదని చెప్తే వాళ్లకు కొంచెం నిరాశగా ఉంటుంది.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. భైంసాలో ఆ ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ రోజు పన్నెండు బండ్లు నా బండ పక్క నుంచి వాగులోకి దిగాయి. దిగేముందు పన్నెండు మంది డ్రైవర్లూ కిటికీలోంచి మెడ చాచి నీళ్లను చూశారు. పొంగు ఎంతుందో, ఎక్కడ దించాలో ఎవరికి వారు చూసుకున్నారు. పదమూడో బండి వచ్చింది. అతను నీళ్లను చూడలేదు. నన్ను చూశాడు. నా చేతిలో ఆకుపచ్చ జెండా చూసి, స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు లేపి, గేరు వేశాడు.